యూత్ లీడర్‌గా ఫోన్‌లో ఎలా మెలగాలి: గ్రూపులు, మెసేజ్‌లు, ఫోటోలు, ప్రేమలు

ఆరాధన అయ్యాక పాస్టర్ గారు పక్కకి పిలిచి "ఇక నుంచి యూత్‌ని నువ్వే చూసుకో బాబూ" అంటారు. సాయంత్రానికల్లా ఎవరో మిమ్మల్ని వాట్సాప్ గ్రూపులో అడ్మిన్‌ని చేసేస్తారు. వాక్యం ఎలా చెప్పాలో, కూడిక ఎలా నడపాలో ఎవరో ఒకరు నేర్పుతారు గానీ, ఆ గ్రూపులో ఉన్న నలభై మంది నంబర్లతో ఏం చేయొచ్చో ఏం చేయకూడదో ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. గుంటూరు జిల్లాలో ఒక మామూలు సంఘంలో పదకొండేళ్లు యూత్‌తో గడిపాను. నేర్చుకున్నదాంట్లో సగం తప్పులు చేసి నేర్చుకున్నదే, అందుకే ఇది రాస్తున్నా.

ఫోన్ సాతాను సాధనం అనే బ్యాచ్ కాదు నేను. కరోనా రోజుల్లో గుడి తలుపులు మూసేసినప్పుడు మా యూత్ చెదిరిపోకుండా ఉందంటే ఫోన్ వల్లే. కానీ యోహాను తన రెండో పత్రిక చివర్లో ఒక సంగతి రాస్తాడు, మీరు చాలాసార్లు చదివి దాటేసి ఉంటారు: రాయాల్సినవి చాలా ఉన్నా కాగితంతో, సిరాతో రాయడం ఇష్టం లేదు, వచ్చి ముఖాముఖిగా మాట్లాడతాను అంటాడు. మూడో పత్రికలోనూ అదే మాట. ఫోన్‌ని నేను ఆ సిరాలాగే చూస్తాను. రమ్మనడానికి, బాగున్నావా అని అడగడానికి పనికొస్తుంది. అసలు మాట ఎదురుగా కూర్చున్నప్పుడే మాట్లాడాలి.

ముందు గ్రూపుని సర్దండి

ఇప్పుడున్న గ్రూపు తెరిచి పేర్లన్నీ ఒకసారి చూడండి. పెళ్లై వెళ్లిపోయినవాళ్లు, ఎప్పుడో స్పెషల్ మీటింగ్‌కి వచ్చిన కీబోర్డ్ ప్లేయరు, ఎవరో తెలియని రెండు నంబర్లు కచ్చితంగా ఉంటాయి. గ్రూపులో ఉన్న ప్రతివాడికీ అందులోని ఆడపిల్లల నంబర్లన్నీ కనిపిస్తాయి, ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు, ఆ తెలియని రెండు నంబర్లని ఈ రోజే తీసేస్తారు.

తర్వాత రెండు గ్రూపులు చేసుకోండి. ఒకటి కబురు చెప్పడానికి, అంటే కూడిక ఎన్నింటికి, క్యారల్స్ ఏ వీధికి, ఎవరింట్లో ఉపవాస ప్రార్థన, అంతే. దీంట్లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చేయండి. రెండోది అందరూ మాట్లాడుకునేది. మొదటిదాంట్లో తల్లిదండ్రుల్ని కూడా చేర్చండి. మా దగ్గర ఇద్దరు ముగ్గురు పిల్లల అమ్మలు కువైట్‌లో పని చేస్తారు, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటారు. ఆ అమ్మల్ని గ్రూపులో చేర్చిన రోజు ఒకావిడ వాయిస్ మెసేజ్ పెట్టింది, "ఇప్పుడు నా కొడుకు ఆదివారం ఎక్కడుంటున్నాడో నాకు తెలుస్తుంది బ్రదర్" అని. ఇంకేం చెప్పను.

అడ్మిన్లు కనీసం ముగ్గురు ఉండాలి, వాళ్లలో ఒక అక్క తప్పనిసరి. వాట్సాప్‌కీ ఇన్‌స్టాకీ కూడా 13 ఏళ్లు నిండాలి కాబట్టి సండే స్కూల్ పిల్లల్ని ముద్దొస్తున్నారని గ్రూపులోకి లాగకండి.

రూల్స్ మూడు చాలు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత మెసేజ్‌లు లేవు. ఫార్వర్డులు లేవు (పొద్దున్నే గులాబీపువ్వు మీద వాగ్దానం పెట్టేవాళ్లకి బాధేస్తుంది, పర్లేదు). మూడోది ప్రార్థన మనవుల గురించి, అది కొంచెం వివరంగా చెప్పాలి.

ప్రార్థన మనవి ముసుగులో చాడీలు

ఇది నా తప్పే. మా యూత్‌లో ఒక తమ్ముడికి ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. నాకు మాత్రమే చెప్పాడు. నేను జాలిపడి, పేరుతో సహా గ్రూపులో "మన తమ్ముడి కోసం ప్రార్థన చేయండి" అని పెట్టాను. వాళ్ల పిన్ని ఆ గ్రూపులో ఉందన్న సంగతి నాకు తట్టలేదు. సాయంత్రానికి వాళ్ల నాన్నకి తెలిసింది. ఆ పిల్లవాడు నాలుగు నెలలు గుడికి రాలేదు, వచ్చాక కూడా నాకు ఏదీ చెప్పలేదు. క్షమించాడు, మళ్లీ నమ్మలేదు.

కాబట్టి, ఎవరి విషయమైనా గ్రూపులో పెట్టే ముందు వాళ్లనే అడగండి: "ఇది అందరికీ చెప్పనా, పేరు లేకుండా చెప్పనా, అసలు చెప్పొద్దా?" మూడూ అడగండి, ఎందుకంటే "చెప్పనా?" అని ఒక్కటే అడిగితే మొహమాటానికి సరే అంటారు. ఎవరైనా ఇంకొకరి ఇంటి సంగతి, గొడవో అప్పో అబార్షనో, ప్రార్థన పేరుతో పెడితే అడ్మిన్‌గా వెంటనే తీసేయండి. అడ్మిన్ డిలీట్ చేస్తే అందరికీ పోతుంది. తీసేశాక పెట్టినవాళ్లకి ఫోన్ చేసి మెత్తగా చెప్పండి. గ్రూపులో తిడితే ఆ సంగతి చదవనివాళ్లు కూడా ఏమైందేమైందని అడుగుతారు.

పర్సనల్ మెసేజ్‌లు

మీరు ఈ ఒక్క భాగం చదివి మిగతాది వదిలేసినా నాకు బాధ లేదు.

మీకు ఇరవై ఆరేళ్లు, ఇంకా పెళ్లి కాలేదు. ఇంటర్ చదివే చెల్లెలు రాత్రి పదకొండింటికి "అన్నయ్యా మాట్లాడాలి, ఎవరికీ చెప్పొద్దు" అని మెసేజ్ పెట్టింది. ఆ పిల్ల మనసులో ఏ తప్పూ లేదు, మీ మనసులోనూ లేదు. ఇంట్లో నాన్న తాగొచ్చి కొడుతున్నాడు, ఆమెకి చెప్పుకోవడానికి ఎవరూ లేరు. మీరు ఒంటిగంట దాకా వింటారు. రేపు కూడా. పది రోజులకి, మీరు ఆన్‌లైన్‌లో కనిపించకపోతే ఆ పిల్లకి నిద్ర పట్టదు, మెసేజ్ రాకపోతే మీకూ ఏదో వెలితిగా ఉంటుంది. ఎక్కడా ఒక్క చెడ్డ మాట ఉండదు, మొత్తం చాట్‌లో వచనాలే ఉంటాయి, అయినా అది పరిచర్య దాటిపోయి చాలా రోజులైంది. నేను చూసినవాటిల్లో ఎక్కువ ఇలా మొదలైనవే.

అందుకని మీ ఫోన్‌కి మీరే కొన్ని హద్దులు పెట్టుకోండి, పెట్టుకున్నాక పాస్టర్ గారికీ పాస్టరమ్మ గారికీ కూడా చెప్పండి, అప్పుడే అవి నిలబడతాయి.

18 లోపు అమ్మాయితో అబ్బాయి లీడరు, అబ్బాయితో అమ్మాయి లీడరు ఒంటరిగా చాటింగ్ చేయకూడదు. ఏదైనా మాట్లాడాలంటే ముగ్గురి గ్రూపు చేయండి: మీరు, ఆ పిల్ల, ఒక అక్క లేదా పాస్టరమ్మ గారు. పైన చెప్పిన సందర్భంలో నేనైతే ఇలా జవాబిస్తా: "చెల్లెమ్మా, నువ్వు చెప్పినందుకు మంచిదైంది. ఇది చాట్‌లో మాట్లాడే విషయం కాదు. రేపు సాయంత్రం అక్కతో కలిసి మీ ఇంటికి రానా, లేక గుడి దగ్గర కలుద్దామా? అక్కతో కలిపి మన ముగ్గురికీ ఇప్పుడే ఒక గ్రూపు చేస్తున్నా." ఆ పిల్ల కొంచెం నొచ్చుకోవచ్చు. నొచ్చుకోనివ్వండి.

ఒక్క మినహాయింపు. "చచ్చిపోవాలనిపిస్తోంది" అన్న మాట కనబడితే రేపు, అక్క, రూలు అనుకుంటూ కూర్చోకండి. వెంటనే ఫోన్ చేయండి, లైన్‌లో ఉండగానే ఇంకో ఫోన్ నుంచి ఇంట్లోవాళ్లకి చెప్పండి, ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే 112. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన కూడా చేయండి, కానీ ప్రార్థన చేశాం కదా అని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం మానకండి.

మాయమైపోయే మెసేజ్‌ల సెట్టింగ్ పిల్లలతో మాట్లాడేటప్పుడు ఆన్ చేయొద్దు. స్నాప్‌చాట్‌లో పిల్లలతో మాట్లాడటం అసలు వద్దు. చాట్ డిలీట్ చేయాలనిపించిందంటే, అది ఎవరికి చూపించలేమో వాళ్లకే వెళ్లి చూపించాలని అర్థం. తిమోతికి పౌలు యౌవన స్త్రీలను అక్కచెల్లెళ్లలా పూర్ణ పవిత్రతతో చూడమని చెప్పాడు కదా, సొంత చెల్లెలితో మీరు రాత్రి ఒంటిగంటకి దాచుకుని చాటింగ్ చేయరు.

"ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి

పిల్లలు ముందు అదే అడుగుతారు. "నీకు ప్రమాదం లేనంతవరకు నా దగ్గరే ఉంటుంది, ప్రమాదం ఉందనిపిస్తే సాయం చేయగలిగినవాళ్లకి చెప్తాను, ముందు నీకు చెప్పాకే చెప్తాను" అనండి. ఇది మంచితనం కోసమే కాదు, చట్టం కూడా. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు ఎవరైనా పిల్లలే. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందన్న అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పాలని 19వ సెక్షన్ అంటుంది, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. చెడ్డ ఉద్దేశంతో పిల్లల్ని ఫోన్‌లో పదే పదే వెంటాడినా ఆ చట్టం కింద వేధింపే. "సంఘం పరువు పోతుంది, పెద్దలం కూర్చుని సర్దేద్దాం" అనేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. ఈ విషయంలో సంఘ పెద్దల మాట చట్టాన్ని దాటదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మీరు కూడా చేయొచ్చు.

ఇన్‌స్టాలో ఫాలో అవ్వాలా?

వాళ్లు మిమ్మల్ని ఫాలో అయితే కానివ్వండి. మీ అంతట మీరు పిల్లల అకౌంట్లు వెతుక్కుంటూ వెళ్లకండి. మన దేశంలో 2025 నుంచి ఇన్‌స్టా 18 లోపువాళ్ల అకౌంట్లని టీన్ అకౌంట్లుగా మారుస్తోంది, కొత్తవాళ్లు మెసేజ్ పెట్టకుండా, అకౌంట్ ప్రైవేటుగా ఉండేలా. కాకపోతే సగం మంది పుట్టిన సంవత్సరం తప్పు వేసి ఉంటారు. ఒకరోజు కూడికలో పదిహేను నిమిషాలు పెట్టి అందరినీ ఫోన్లు తీయమని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి కలిసి చూడండి. మీకంటే వాళ్లకే బాగా తెలుసు, ఆ రోజు వాళ్లే మీకు నేర్పుతారు.

వాళ్ల రీల్ ఒకటి మీకు నచ్చలేదనుకోండి. ఆదివారం వాక్యంలో పేరు చెప్పకుండా "కొంతమంది సినిమా పాటలకి డాన్సులేసి..." అని అనకండి. ఎవరి గురించో అందరికీ తెలుసు, ఆ పిల్ల వెనక బెంచీలో తల దించుకుని కూర్చుంటుంది, వచ్చే వారం నుంచి రీల్స్ ఆపదు, మిమ్మల్ని బ్లాక్ చేస్తుంది. మత్తయి 18లో యేసు చెప్పింది ముందు వెళ్లి ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడమని. మీ ఇద్దరిలో ఒకరు అబ్బాయి, ఇంకొకరు అమ్మాయి అయితే, ఆ మాట అక్క మాట్లాడుతుంది.

స్టేటస్ యుద్ధాల సంగతి కూడా ఇంతే. ఇద్దరు ఫ్రెండ్స్‌కి పడదు, ఒకరు కీర్తనల్లోంచి శత్రువుల మీద వచనం స్టేటస్ పెడతారు, రెండోవాళ్లు సామెతల్లోంచి ఇంకోటి. బైబిల్ వచనాలతో కొట్టుకోవడం మన దగ్గరే చూశా. మధ్యలో మీరు మూడో స్టేటస్ పెట్టకండి. ఇద్దరినీ టీ తాగడానికి పిలవండి.

ఇద్దరు ఇష్టపడుతున్నారని తెలిస్తే

మీకంటే ముందు యూత్ అందరికీ తెలిసిపోతుంది. ఒకే పాట ఇద్దరి స్టేటస్‌లో ఉంటుంది, క్వయిర్ ఫోటో కింద ఒక హార్ట్ ఉంటుంది. మీ దగ్గరికి ఎవరో స్క్రీన్‌షాట్ తెస్తారు. మొదట చేయాల్సింది, ఆ స్క్రీన్‌షాట్ తెచ్చినవాడిని "ఇది డిలీట్ చెయ్ తమ్ముడూ, ఇంకెవరికీ పంపకు" అనడం. ఈ పని చేయకపోతే సాయంత్రానికి అది పెద్దల కమిటీలో ఉంటుంది.

తర్వాత అబ్బాయితో మీరు, అమ్మాయితో అక్క, విడివిడిగా మాట్లాడండి. విచారణలాగా వద్దు. వయసెంత, ఇంట్లో తెలుసా, ఇష్టమా లేక చాటింగ్ అలవాటా, ఎవరైనా బలవంతం చేస్తున్నారా, ఒకరి ఫోటోలు ఒకరి దగ్గర ఉన్నాయా. చివరి ప్రశ్న సిగ్గుపడకుండా అడగాలి. 18 లోపు అయితే తల్లిదండ్రులకి తెలియాల్సిందే, కానీ ఆ పిల్లల చేతే చెప్పించండి, మీరు పక్కన కూర్చోండి. ఇంట్లో ప్రాణం మీదికి తెచ్చే కోపం ఉందని తెలిస్తే మాత్రం ముందు ఆ పిల్ల భద్రత చూడండి, 1098 అందుకే ఉంది. పెద్దవాళ్లయితే అది వాళ్ల నిర్ణయం, మీరు సలహా ఇవ్వగలరు, అంతే. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి: ఒకే బల్ల దగ్గర రొట్టె ద్రాక్షారసం తీసుకునే కుటుంబాలే, కులం వేరనేసరికి పెళ్లి మాట దగ్గర ఆగిపోతాయి, దానికి "దేవుని చిత్తం కాదు" అని పేరు పెడతారు. ఆ మాట మీ నోటి నుంచి రాకుండా చూసుకోండి.

విడిపోతే ఇంకో తలనొప్పి. ఇద్దరిలో ఒకరు గ్రూపులోంచి లెఫ్ట్ అవుతారు, సాధారణంగా అమ్మాయే, తర్వాత గుడి కూడా మానేస్తుంది. ఆ వారంలోనే అక్క వాళ్లింటికి వెళ్లాలి. మెసేజ్ పెట్టడం వెళ్లినట్టు కాదు.

మీకే యూత్‌లో ఒకరు నచ్చితే? 18 లోపు అయితే ఆ ఆలోచనే వద్దు, బాధ్యత వదిలేసి దూరం జరగండి. పెద్దవాళ్లయితే ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టకముందే పాస్టర్ గారికి చెప్పండి, లీడర్ బాధ్యత పక్కన పెట్టండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడించండి. లీడర్ అడిగితే కాదనడం ఎంత కష్టమో మనకి తెలియదు, కాదనాల్సినవాళ్లకే తెలుసు.

ఫోటోలు

వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ క్లాసులు) అవ్వగానే రెండు వందల ఫోటోలు ఫేస్‌బుక్‌లో ఎక్కించేస్తాం. పిల్లల పేరు, స్కూలు, ఊరు ఫోటోతో కలిపి పెట్టొద్దు. రిజిస్ట్రేషన్ కాగితం మీదే "ఫోటోలు పెట్టొచ్చా" అన్న గడి ఒకటి వేసి తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. గుంపు ఫోటోలు వెనక నుంచి తీసినవి బాగానే ఉంటాయి.

బాప్తిస్మం ఫోటో వేరే సంగతి. కాలవలో దిగిన వ్యక్తి ఇంట్లో ఇంకా చెప్పి ఉండకపోవచ్చు, మీ పోస్టు చూసి తెలిస్తే గొడవ భరించేది వాళ్లే. ఇంకోటి, 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా వర్తిస్తుంది. అది న్యాయమా కాదా అని ఏళ్లుగా వాదనలు నడుస్తున్నాయి, దాంట్లోకి నేను వెళ్లను. ఎవరి కాగితాల్లో ఏముందో, వాళ్లు ఏం ఆలోచించుకుంటున్నారో మీకు తెలియదు. తన విశ్వాసం గురించి లోకానికి ఎప్పుడు చెప్పాలో ఆ మనిషే నిర్ణయించుకోవాలి, మన సంఘం పేజీకి లైకుల కోసం మనం నిర్ణయించకూడదు.

ఫోటోలతో ఎవరైనా బెదిరిస్తుంటే

మీ దగ్గరికి వచ్చి చెప్పిందంటే ఆ పిల్ల చాలా ధైర్యం చేసినట్టు. "అసలెందుకు పంపావు" అన్న ప్రశ్న అడగొద్దు, ఇప్పుడే కాదు, ఎప్పుడూ. డబ్బు ఇవ్వొద్దనండి, ఇస్తే ఇంకా అడుగుతారు. బెదిరించిన మెసేజ్‌లు, అకౌంట్ పేరు, నంబరు డిలీట్ చేయకుండా ఉంచమనండి, బ్లాక్ చేసేది ఆ తర్వాతే. సాక్ష్యం కోసమని ఆ ఫోటోలు మాత్రం మీ ఫోన్‌కి పంపించుకోకండి, చూడకండి. 18 లోపు పిల్లల అలాంటి ఫోటో తెప్పించుకుని మీ ఫోన్‌లో ఉంచుకోవడమే నేరం. అక్క, తల్లిదండ్రులు, పోలీసులు, ఆ వరసలో వెళ్లండి.

సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లో ఫిర్యాదు చేయొచ్చు, మహిళలు, పిల్లల మీద జరిగేవాటికి పేరు చెప్పకుండా చేసే వీలు కూడా ఉంది. డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930. తెలంగాణలో అయితే ఆడపిల్లల్ని వేధించేవాళ్ల పని పట్టే పోలీసు బృందాలు, షీ టీమ్స్ ఉన్నాయి. ఫోటో ఆన్‌లైన్‌లో పాకకుండా ఆపడానికి 18 లోపువాళ్లకి టేక్ ఇట్ డౌన్, పెద్దవాళ్లకి స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సైట్లు ఉన్నాయి. ఫోటోని వాళ్లకి పంపక్కర్లేదు, మన ఫోన్‌లోనే దానికొక డిజిటల్ గుర్తు తయారై అది మాత్రమే వెళ్తుంది. ఇదంతా అయ్యేదాకా ఆ పిల్లని క్వయిర్‌లోంచి తీసేయకండి. ఇలా తీసేసిన సంఘం ఒకటి నాకు తెలుసు.

దూరం వెళ్లినవాళ్లు, దూరం వెళ్లే మీరు

హైదరాబాద్ హాస్టల్‌కో, బెంగళూరు ఉద్యోగానికో, అమెరికాకి ఎంఎస్‌కో వెళ్లినవాళ్లని ఆరాధన లైవ్ లింకు పంపి మన గుడికే కట్టేయకండి. వెళ్లిన నెలలోపు అక్కడ ఒక సంఘంలో ఒక మనిషిని పరిచయం చేయడం మీ పని. పండక్కి వచ్చినప్పుడు కలవండి.

మీరు వదిలేసే రోజు కూడా వస్తుంది. నాకు పెళ్లై ఊరు మారినప్పుడు కొత్త తమ్ముడికి అడ్మిన్ ఇచ్చి, నేను మాత్రం గ్రూపులోనే ఉండిపోయాను, చూస్తూ ఉందామని. అతను ఏం చెప్పినా పిల్లలు నాకు మెసేజ్ పెట్టి "అన్నయ్యా ఇది కరెక్టేనా" అని అడిగేవాళ్లు, నేను జవాబిచ్చేవాణ్ని, గొప్పగా కూడా అనిపించేది. ఎనిమిది నెలలకి ఆ తమ్ముడు ఇక నావల్ల కాదన్నాడు. అప్పుడు అర్థమైంది. ఒక శనివారం బస్సెక్కి వెళ్లి, కూడికలో అందరి ముందు చెప్పి, అక్కడే ఫోన్ తీసి గ్రూపులోంచి బయటికి వచ్చాను. పేజీ పాస్‌వర్డ్, తల్లిదండ్రుల నంబర్లున్న నోట్‌బుక్ అతని చేతిలో పెట్టాను. మీరు అన్ని నెలలు ఆగకండి.